944 కిలోల సకినాలు

మా వీధి మలుపులో మెస్ నడిపే వదిన మొన్న పొద్దున్నే వచ్చింది. "వదినా, గూగుల్‌ల మొదటి పేజీల మా మెస్ పేరు రప్పిస్తమని ఒకాయన రోజూ ఫోన్ జేస్తున్నడు. నెలకు పదివేలంట. కట్టాల్నా, వద్దా?" అని అడిగింది.

వద్దని ఒక్క ముక్కలో చెప్పి పంపొచ్చు. కానీ నేను కట్టినదాన్ని, అదీ ఆరు నెలలు. అందుకే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి మొత్తం చెప్పాను. ఆమె అన్నం ఎక్కించే టైం దాటిపోయింది, పాపం. ఇంకో నలుగురికి పనికొస్తుందేమోనని అదే ఇక్కడ రాస్తున్నా.

తెలియని వాళ్ళ కోసం నా సంగతి. మాది హన్మకొండ. సకినాలు, గారెలు, మురుకులు, గరిజెలు, అరిసెలు, సర్వపిండి చేసి అమ్ముతాం. 2016లో వంటింట్లో మొదలైంది. ఇప్పుడు బాలసముద్రం వైపు ఒక మడిగె, వెనక షెడ్డు, ఆరుగురు ఆడవాళ్ళు. అందరికంటే పెద్దామెను మేమంతా పిన్ని అంటాం. ఆమె చుట్టిన సకినాన్ని పళ్ళెంలో పెడితే అచ్చుతో చేశారా అని అడుగుతారు.

2022లో రాఖీ పండుగ దాటాక ఒక ఫోన్ వచ్చింది. హైదరాబాద్ కంపెనీ అట. రెండ్రోజులకు ఇద్దరు పిల్లలు లాప్‌టాప్ పట్టుకుని మడిగెకే వచ్చారు. మంచి పిల్లలే, సకినాలు పెడితే తిన్నారు. గూగుల్ తెరిచి ఏదో కొట్టి చూపించారు. "చూడండి మేడం, మీ పేరు ఎక్కడా లేదు. సంక్రాంతి నాటికి మిమ్మల్ని ఫస్ట్ ప్లేస్‌కు తెస్తాం, గ్యారంటీ" అన్నారు. నెలకు పన్నెండు వేలు, మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, మొత్తం 14,160 రూపాయలు. ఆరు నెలల అగ్రిమెంట్. సంక్రాంతి అంటే మాకు ఏడాది సంపాదనలో సగం. ఆ ఒక్క మాటకే పడిపోయాను.

గూగుల్ వాళ్ళు తమ సహాయ పేజీలోనే, మొదటి స్థానం ఎవరూ గ్యారంటీగా ఇప్పించలేరని రాసి పెట్టారు. అడగకుండా మెయిల్ పెట్టి వెంటపడే, వెతికితే మన పేరు పైకి తెస్తామనే ఎస్‌ఈఓ కంపెనీలతో జాగ్రత్త అనీ, పని ఫలితం కనబడడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందనీ కూడా అందులోనే ఉంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆగస్టులో సంతకం పెట్టి జనవరికి ఫస్ట్ ప్లేస్ అంటే అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. అమ్ముకునేవాళ్ళం కదా, ఆశ ఎక్కువ.

వాళ్ళు మా వెబ్‌సైట్‌లో పెట్టిన మొదటి వ్యాసం ఇంగ్లీషులో ఉంది. మా అమ్మాయి చదివి తెలుగులో చెప్పింది. సకినాలంటే శనగపిండితో చేసే ఒక రకం దక్షిణ భారత మురుకు అట. పిన్నికి చెప్తే పిండి చేతులు పైకెత్తి మోచేత్తో నోరు మూసుకుని నవ్వింది.

సకినానికి శనగపిండి ఎక్కడిది? రాత్రి నానబోసిన బియ్యాన్ని పొద్దున వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, జల్లెడ పడతాం. అందులో నువ్వులు, వాము, ఉప్పు. నీళ్ళు ఎక్కువైతే చుట్టు కూర్చోదు, తక్కువైతే మధ్యలో తెగిపోతుంది. తెల్లబట్ట పరిచి, పిండిని వేళ్ళ మధ్య నుంచి మెలి తిప్పుకుంటూ ఒకదాని చుట్టూ ఒకటి మూడు నాలుగు వరసలు తిప్పుతాం. బట్ట తడి పీల్చుకునేదాకా ఆగి, పళ్ళెం మీదికి తీసుకుని నూనెలోకి జారవిడుస్తాం. మురుకుల గొట్టంతో ఒత్తేది కాదు. మొదటి రోజు పిండితో ముందు గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టనిదే పిన్ని చుట్టు మొదలుపెట్టదు.

కంపెనీ పిల్లవాడికి ఫోన్ చేసి తప్పు రాశారని చెప్పాను. అతను కంగారు పడలేదు. "మేడం, అది మనుషుల కోసం కాదు, గూగుల్ చదువుకోవడానికి" అన్నాడు. ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మనుషులు చదవనిదానికి నేను పైసలెందుకు ఇస్తున్నట్టు? కానీ అప్పటికే దసరా గిరాకీ మొదలైంది, గొడవ పెట్టుకునే తీరిక లేదు.

నెలనెలా రంగురంగుల రిపోర్ట్ వచ్చేది. జనం వెతికే మాటలు (కీవర్డ్‌లు) ముప్పై రెండింటికి మేం మొదటి పేజీలో ఉన్నామని, బాణాలన్నీ పైకే ఉన్నాయని. ఫోన్లు మాత్రం పెరగలేదు. పైగా నవంబర్‌లో ఒక వారంలోనే మాకు నలభై రివ్యూలు వచ్చాయి. అన్నీ ఐదు నక్షత్రాలే. రాసినవాళ్ళ పేర్లు చూస్తే ఒక్కరు మన దిక్కువాళ్ళు లేరు, అందరూ "ప్రాడక్ట్ క్వాలిటీ నైస్" అనే రాశారు. కొన్నాళ్ళకు గూగుల్ వాటిని తీసేసింది. వాటితోపాటు నిజంగా కొన్నవాళ్ళు రాసినవీ కొన్ని పోయాయి. సుబేదారి నుంచి వచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ "నేను ఫోన్ల కష్టపడి టైప్ చేసిన్నే, ఏడ పోయిందే బిడ్డా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

సంక్రాంతికి మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు కానీ ఈ పని కాదు. రిపోర్ట్ చూపిస్తే, "పిన్నీ, సెర్చ్ కన్సోల్ చూసినవా?" అన్నాడు. అదొకటుందని కూడా నాకు తెలియదు. గూగుల్ ఉచితంగానే ఇస్తుందట. మన వెబ్‌సైట్ ఏ మాటలకు ఎన్నిసార్లు కనిపించిందో, ఎంతమంది నొక్కారో పదహారు నెలల లెక్క దాచి చూపిస్తుంది. మా సైట్‌కు అది ఉంది కానీ కంపెనీ వాళ్ళ మెయిల్ మీద ఉంది. అడిగి, రెండు రోజులు సతాయించి, చూసే అనుమతి తీసుకున్నాడు.

ముప్పై రెండింటిలో ఒకటి నాకు నోటికొచ్చింది: "హన్మకొండ బాలసముద్రం ఆన్‌లైన్ సకినాలు తయారీదారులు సరఫరాదారులు". దీనికి మేం నిజంగానే మొదటి స్థానంలో ఉన్నాం. మూడు నెలల్లో ఆ మాటలతో మేం కనిపించింది నాలుగుసార్లు. ఆ నాలుగూ కంపెనీవాళ్ళు రిపోర్ట్ కోసం కొట్టుకున్నవే అయ్యుంటాయని మావాడి అనుమానం. ఎవరూ పోని సందులో పెద్ద బోర్డు కట్టి అద్దె వసూలు చేసినట్టుంది.

బిల్లులో మిగతావీ అడిగాను. "మెటా కీవర్డ్స్, నలభై పేజీలు" అని ఒకటుంది. పేజీలో పైకి కనబడకుండా రాసే మాటల పట్టీ అది. గూగుల్ 2009 సెప్టెంబర్‌లోనే దాన్ని ర్యాంకుకు లెక్కలోకి తీసుకోమని చెప్పేసిందట. ఇంకోటి "బ్యాక్‌లింకులు, 300". దీనికి మావాడు కొంచెం కథ చెప్పాడు. గూగుల్ పెట్టిన ఇద్దరూ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునేటప్పుడు, ఒక పేజీకి వేరే పేజీల నుంచి లింకులుంటే అది ఆ పేజీకి పరపతి అని లెక్క కట్టారు. సంబంధం చూసేటప్పుడు ఊళ్ళో నలుగురు పెద్దమనుషులను అడిగినట్టు. ఇది తెలిశాక జనం పైసలిచ్చి పెద్దమనుషులను తయారు చేయడం మొదలుపెట్టారు. 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి గూగుల్ ఆ దొంగ సాక్ష్యాలను ఏరడం మొదలుపెట్టింది. మాకొచ్చిన మూడు వందల్లో లోన్ యాప్‌ల సైట్లున్నాయి, పేకాట సైట్లున్నాయి. సకినాలు బాగుంటాయని పేకాట క్లబ్బు చెప్తే ఏ అత్తగారు నమ్ముతుంది?

ఆ రాత్రి నేను నా లెక్క వేసుకున్నాను. ఆరు నెలలకు 84,960 రూపాయలు. కిలో సకినాల మీద అప్పుడు నాకు ఖర్చులన్నీ పోను తొంభై రూపాయలు మిగిలేది. అంటే 944 కిలోలు. మా ఆరుగురు ఆడవాళ్ళు పొద్దున్నుంచి నడుము వంచితే రోజుకు నలభై కిలోలు. ఇరవై నాలుగు రోజుల చుట్టుడు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు. ఈ లెక్క ఆమెకు చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నా.

ఫిబ్రవరితో అగ్రిమెంట్ అయిపోయింది, పొడిగించనన్నాను. అప్పుడు తెలిసింది అసలు టెన్షన్. వెబ్‌సైట్ పేరు వాళ్ళ కంపెనీ పేరు మీద రిజిస్టరై ఉంది. గూగుల్ మ్యాప్‌లో మా మడిగె ప్రొఫైల్‌కు ఓనర్ కూడా వాళ్ళ మెయిలే. నా బోర్డు మీద నా పేరున్నా తాళం వేరేవాళ్ళ జేబులో ఉన్నట్టు. ప్రొఫైల్ మాదని గూగుల్‌కు అర్జీ పెడితే, పాత ఓనర్‌కు జవాబివ్వడానికి మూడు రోజులిచ్చి, ఆ తర్వాత మేం రుజువు చూపించాక మా చేతికి వచ్చింది. వెబ్‌సైట్ పేరుకు మాత్రం నెలన్నర తిరిగాను. మీరు ఎవరికైనా పని ఇవ్వండి, ఇవ్వకండి, కానీ పేరు రిజిస్ట్రేషన్, మ్యాప్ ప్రొఫైల్, సెర్చ్ కన్సోల్ మూడూ మీ సొంత మెయిల్ మీదే ఉండాలి. వాళ్ళకు అనుమతి మాత్రం ఇవ్వండి, పని అయ్యాక తీసేయొచ్చు.

తర్వాత మేమే కూర్చున్నాం. మేమంటే నేను, మా అమ్మాయి, ఫోన్‌లో మా అక్క కొడుకు. మొదట నోట్‌బుక్‌లో మాటలు రాశాం. ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. మన దిక్కు గారెలంటే కరకరలాడే బియ్యప్పిండి బిళ్ళలు. వాటినే కోస్తావాళ్ళు చెక్కలంటారు. వాళ్ళ గారెలు మనకు వడలు. మన గరిజెలు వాళ్ళకు కజ్జికాయలు. మన మురుకులు జంతికలు. సర్వపిండిని వరంగల్ ఇళ్ళల్లో చాలామంది గిన్నెప్ప అంటారు, ఇంకోచోట తపాలచెక్క. సకినాలను చకినాలు అనేవాళ్ళున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 'ఎ' ఒకటి పెట్టేవాళ్ళు కొందరు, రెండు పెట్టేవాళ్ళు కొందరు. అమెరికాలో కోడలికి గారెలు పంపాలనుకునే జనగామ అత్తగారు ఒక మాట వెతుకుతుంది, తెలంగాణ స్నేహితురాలి ఇంట్లో తిని వచ్చిన విజయవాడ అమ్మాయి ఇంకో మాట వెతుకుతుంది. రెండూ ఒకే డబ్బా. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్న పిల్లవాడికి ఇది తెలియాలంటే ఎట్లా? తెలియకపోవడం అతని తప్పు కాదు. తెలిసిన నన్ను అతను ఒక్కసారి కూడా అడగలేదు, అదీ నా బాధ.

ఒక్కో వంటకు ఒక్కో పేజీ, తెలుగులోనే, మేం మాట్లాడే మాటల్లో రాశాం. ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది, ఏ నూనె, పెండ్లి సారెకు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పార్సిల్‌లో విరగకుండా ఎట్లా సర్దుతాం. ఫోన్‌లో రోజూ చెప్పే జవాబులే అవి. మ్యాప్‌లో మా కేటగిరీ "రెస్టారెంట్" అని ఉంటే మార్చాం. అది చూసి వచ్చి టిఫిన్ అడిగి తిట్టుకుంటూ పోయినవాళ్ళు ఎంతమందో.

పైసలు అసలు పెట్టలేదా అంటే, పెట్టాను. కాజీపేటలో వెబ్‌సైట్లు చేసే ఒక తమ్ముడికి ఒకేసారి తొమ్మిది వేలు ఇచ్చాను. మేం ఫోన్‌తో తీసిన ఫొటోలు ఒక్కోటి ఆరు ఎంబీలు ఉన్నాయట, ఊళ్ళల్లో సిగ్నల్ మీద పేజీ తెరుచుకోకముందే జనం వెళ్ళిపోతున్నారట. వాటిని చిన్నవి చేశాడు. ప్రతి పేజీకి టైటిల్ సరిచేశాడు, ఒకే వ్యాసం మూడుసార్లు ఉంటే రెండు తీసేశాడు, ఫోన్, వాట్సాప్ బటన్లు పైకి తెచ్చాడు. నాలుగు రోజుల పని. ఇది కూడా ఎస్‌ఈఓయే. పని కనిపించింది, అయిపోయింది, పైసలిచ్చాను.

2024 సంక్రాంతి సీజన్‌లో కొత్తగా ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ మా నంబర్ ఎట్లా దొరికిందని అడిగి రాసుకున్నాం. మొత్తం 212 మంది. ఎవరో చెప్తే వచ్చినవాళ్ళు 131. మ్యాప్‌లో చూసినవాళ్ళు 58. వెబ్‌సైట్ చూసి చేసినవాళ్ళు 14. మిగతా 9 మందికి గుర్తులేదు. పద్నాలుగేనా అనుకోకండి, మ్యాప్ నుంచి వచ్చినవాళ్ళు కిలో, రెండు కిలోలు తీసుకుంటే ఈ పద్నాలుగు మందిలో ఎక్కువమంది పది కిలోలకు తక్కువ తీసుకోలేదు. బయటి దేశాలకు పంపేవాళ్ళు వాళ్ళు. ఫిబ్రవరిలో మేడారం జాతర వారమైతే మ్యాప్ ఒక్కటే మోగింది. ములుగు రోడ్డు ఎక్కేముందు కార్లు ఆపుకుని "దగ్గర్ల అప్పాలు యాడ దొరుకుతయ్" అని ఫోన్‌లోకి మాట్లాడి వచ్చినవాళ్ళే.

అట్లని ఎస్‌ఈఓకు నెలనెలా కట్టేవాళ్ళంతా పిచ్చోళ్ళని నేననను. కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం చేసే ఒకాయన ఉన్నాడు, నాకు అన్న వరుస. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు (సరుకు ఫలానా ఊరిదేనని ఇచ్చేది) వచ్చింది. ఆయన సరుకు కొనేవాళ్ళు ఎక్కడో విదేశాల్లో ఉంటారు. వాళ్ళు జంపఖానా అని కొట్టరు కదా. రగ్గు అంటారో, మ్యాట్ అంటారో, ఏ సైజు ఏ అంగుళాల్లో అడుగుతారో ఆయనకు తెలియదు. అది తెలిసిన ఒకామెను ఏడాదిగా పెట్టుకున్నాడు. ఆమె వచ్చి మగ్గం దగ్గర రెండు రోజులు కూర్చుని, రంగులద్దేచోట ఫొటోలు తీసుకుని, ఆ తర్వాతే రాసింది. ఆయన ఇచ్చే ఫీజు నాకంటే ఎక్కువే, అయినా ఆయనకు గిట్టుబాటవుతోంది. ఒక ఎంక్వైరీ ఆర్డరైతే ఏడాది ఫీజు వచ్చేస్తుంది. నాకు నా కొనేవాళ్ళ మాటలు తెలుసు, ఆయనకు ఆయన కొనేవాళ్ళ మాటలు తెలియవు. తేడా అక్కడుంది.

మరి మెస్ వదిన సంగతి? ఆమె దగ్గర తినేవాళ్ళు చుట్టుపక్కల హాస్టల్ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు. కిలోమీటర్ దాటి ఎవరూ రారు. మ్యాప్‌లో ఎవరిని పైన చూపించాలో గూగుల్ మూడు సంగతులు చూస్తుంది: వెతికినదానికి సరిపోతుందా, ఎంత దూరం, ఎంత పేరుంది. దూరాన్ని ఏ కంపెనీ తగ్గించలేదు. మిగతా రెండింటికి ఆమె కూరలు, ఆమె రివ్యూలు. ప్రొఫైల్ ఉచితమే. అక్కడే కూర్చుని ఆమె ఫోన్‌లో తెరిచాం. ఆదివారం మూసి ఉంటుందని ఉంది, ఆదివారమే ఆమెకు చికెన్ గిరాకీ. అది మార్చి, మెనూ బోర్డు ఫొటో పెట్టాం. పదివేలు మిగిలాయని ఆమె నాకు గుత్తివంకాయ పంపింది.

నాకిప్పటికీ నెలకు రెండు ఫోన్లు వస్తాయి. ఈ మధ్య మాట మారింది, "ఏఐ జవాబులో మీ షాప్ పేరు వచ్చేలా చేస్తాం మేడం" అంటున్నారు. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో గూగుల్ పైనే తన జవాబు తాను రాసి చూపిస్తోంది కదా, అందుకని. మా గరిజెల్లో లోపల ఏం పెడతామో చెప్పు తమ్మీ అని అడిగాను మొన్నొకతన్ని. లైన్ కట్ అయింది.

ఈ వారం సెర్చ్ కన్సోల్‌లో కొత్త మాటొకటి కనిపించింది. "సకినాలు మెత్తబడితే ఏం చేయాలి". తొమ్మిది సార్లు కనిపించామట, ఎవరూ నొక్కలేదు. నొక్కరు, మా సైట్‌లో దానికి జవాబు లేదు. పిన్నిని అడిగాను. చుట్టుడు ఆపకుండానే చెప్పింది: "వేడి సల్లారకముందే డబ్బల ఏసి మూత పెడ్తరు, అందుకే మెత్తబడ్తయ్. మందపు కడాయి సన్న మంట మీద పెట్టి, నూనె పొయ్యకుండ అటు ఇటు తిప్పాలె. దించి, గాలికి సల్లారినంక స్టీలు డబ్బల పెట్టాలె. ప్లాస్టిక్ కవర్ల పెడ్తె మల్ల గదే తీరు." ఈ రాత్రి ఇదే పేజీ రాయాలి. ఫొటో ఒకటి కావాలంటే, మొహం వద్దు, చేతులు తీసుకో అంది.